మూడుంబావుకి లేచిన నీళ్లు

"చచ్చిపోదామనుకున్న మనిషి కొత్త కళ్లజోడుకి కొలతలిచ్చి వస్తాడా మేడమ్?"

ఈ ప్రశ్న ఆమె అడగడం ఇది నాలుగోసారి. నిజం చెప్పాలంటే, వస్తాడు. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేశాను. పొద్దున ఊడిన పన్ను కట్టించుకుని సాయంత్రం ఉరేసుకున్నవాణ్ని ఈ చేతులతోనే దించాను. కానీ స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా గమనించని ఆ మనిషితో ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. లేచి స్టవ్ కట్టేశాను.

పదకొండు రోజుల క్రితం దాకా ఆమెకి భర్త ఉన్నాడు. మూతపడిన అణు విద్యుత్ ప్లాంటులో ఉద్యోగం. దాన్ని ముక్కలుగా విప్పేసి, నేల శుభ్రం చేసి అప్పగించాలి. అంతకన్నా ముందు ఒక ప్రశ్న తేలాలి. ఇన్నేళ్లూ ఆ భవనం కిందకి ఊరే నీటిని పంపులు రాత్రీ పగలూ తోడిపోస్తున్నాయి. ఆ పంపులు ఆపేస్తే నేల కింద నీళ్లు ఎటు నడుస్తాయి? అది చెప్పడమే ఆయన పని. ప్లాంటు చుట్టూ ఇరవై రెండు కొలత బోర్లు వేయించి, వాటి నీటిమట్టాలతో కంప్యూటర్లో మోడల్ కట్టాడు. అందరూ ఆయన్ని నీళ్ల పంతులు అనేవాళ్లు. నేనూ అలాగే అంటాను.

ఆ నీళ్ల పంతులు శవమై ప్లాంటు సంపులోనే దొరికాడు. ఆత్మహత్య అని తేల్చి పోలీసులు రెండు రోజుల్లో చేతులు దులుపుకున్నారు.

"ఆ పొద్దున మేం పోట్లాడుకున్నాం," అందామె, కొంగు చివర మడత పెడుతూ, విప్పుతూ. "ఆదివారాలు కూడా బోర్ల వెంటే తిరుగుతుంటే ఒళ్లు మండింది. 'అక్కడే ఉండిపో, ఇంటికి రావద్దు' అన్నాను. ఆయన మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఎవరు చంపారో, ఎందుకు చంపారో నాకక్కర్లేదు. ఆయన పోవాలని పోయాడా, కాదా? ఆ ఒక్కటీ చెప్పండి చాలు. చెప్పకపోతే నేను ఈ ఇంట్లో బతకలేను."

అప్పుడే ఆమె తమ్ముడు మందుల పొట్లంతో లోపలికి వచ్చాడు. పాతికేళ్ల పైన ఉంటాయి. ప్లాంటులో పంపు ఆపరేటర్. ఆ ఉద్యోగం వేయించింది బావే. పైగదిలో ఉంటూ అక్క చేతి తిండి తిని పెరిగినవాడు. "ఇది తిన్నాక వేసుకో అక్కా," అని పొట్లం గట్టు మీద పెట్టాడు. నా వైపు చూడలేదు. ఆ వంటింట్లో నేను కూర్చోవడం అది మూడోసారి, మూడుసార్లూ నన్ను చూసీ చూడనట్టే పోయాడు. బావ పోయిన బాధ అనుకున్నాను. వయసు మీద పడేకొద్దీ నాకు జాలి కూడా ఎక్కువైంది.

డిపార్ట్‌మెంట్‌లో నన్ను నత్త అనేవాళ్లు. నెమ్మదిగా పోతాను, పోయిన దారంతా తడి వదులుతాను అని వాళ్ల వెటకారం. ఈ కేసులో నాలుగు రోజులు నత్తలాగే ఆ ఇరవై రెండు బోర్లూ తిరిగాను. మోకాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. తొమ్మిదో బోరు దగ్గర నా అదృష్టం పండింది.

నీళ్ల పంతులికి ఒక అలవాటు ఉండేది. ప్రతి బోరు మూత లోపల ప్లాస్టిక్ కవర్లో ఓ కార్డు పెట్టేవాడు. వచ్చిన ప్రతిసారీ టైమూ, లోతూ అందులో రాసి, ఆ తర్వాతే తన పుస్తకంలో ఎక్కించుకునేవాడు. ఆయన పుస్తకం మాయమైంది. ఆఫీసు కంప్యూటర్ పోలీసుల దగ్గరుంది. కార్డుల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. తొమ్మిదో బోరు కార్డు మీద ఆయన చనిపోయిన రోజు తేదీ ఉంది. టైము రెండూ ఇరవై. పక్కన గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: "పైపు కోసేశారు. మూరెడు పొట్టి. ఎవరూ చెప్పలేదు. నేనూ చూసుకోలేదు. రేపు తొమ్మిదింటికి ఎత్తు మళ్లీ కొలవాలి. కొలకర్ర, గుర్తుకి సున్నం తేవాలి."

నేల కింద నీటిని ఎవరూ కంటితో చూడలేరు. పైపు అంచు నుంచి టేపు వదిలి ఎంత లోతులో తగిలిందో చూస్తారు. అంచు ఎంత ఎత్తులో ఉందో ముందే రాసిపెట్టుకుంటారు కాబట్టి, అందులోంచి ఈ లోతు తీసేస్తే నీటిమట్టం వస్తుంది. ఆ పైపుని ఎప్పుడో లారీ గుద్దింది. అక్కడ పని చేయించే కాంట్రాక్టర్ వంగిన ముక్క కోయించి, మూత బిగించి, రంగు కొట్టించి పోయాడు. పైపు మూరెడు తగ్గింది, కాగితం మీద ఎత్తు మాత్రం తగ్గలేదు. దాంతో ఆ బోరులో నీళ్లు ఉన్నదానికన్నా మూరెడు పైన ఉన్నట్టు లెక్క తేలింది. పంపులు ఆపినా నీళ్లు అటునుంచి ప్లాంటు వైపే జారతాయని మోడల్ చెప్పింది. నిజానికి ప్లాంటు కింది రేడియేషన్ నీళ్లే అటు జారతాయి. అటువైపు నాలుగొందల ఇళ్ల కాలనీ ఉంది. వాళ్లు తాగేది బోరునీళ్లే.

పంపులు శాశ్వతంగా ఆపడానికి ముహూర్తం ఎల్లుండి.

*

సంపు దగ్గరకి నేను వెళ్లేసరికి ఇన్‌స్పెక్టర్ మెరుపు నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. ఏ కేసైనా మెరుపులా తేల్చేస్తాడని ఆ పేరు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను రిటైరయ్యాక నా కుర్చీలోనే కూర్చున్నాడు. పక్కన ప్లాంటు మూసివేత పనులు చూసే డైరెక్టర్ ఉన్నాడు. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు.

"మేడమ్‌కి రిటైరయ్యాక కాలక్షేపం కావాలి కదండీ," అన్నాడు మెరుపు ఆయనతో.

"మా నీళ్ల పంతులు చాలా మంచివాడమ్మా," అన్నాడు డైరెక్టర్ నాతో. "తప్పు చేశానన్న బాధ తట్టుకోలేకపోయాడు. ఆ మెయిల్ చదివితే నాకే కళ్లు చెమర్చాయి."

ఆ మెయిల్ నేనూ చదివాను. పంతులు ఆఫీసు కంప్యూటర్లో దొరికింది, పంపకుండా వదిలేసిన చిత్తు. 'మోడల్ తప్పు. పూర్తి బాధ్యత నాది' అని రెండు వాక్యాలు. మెరుపు కేసుకి అదే పునాది.

నేను చుట్టూ చూశాను. టర్బైన్ భవనం అడుగున పొడవాటి గది. మధ్యలో సంపు. మూడు నిలువుల లోతు, గోడకి ఇనప నిచ్చెన, అడుగున పక్కలకి పోయే కాలవ నోళ్లు. పంపు తిరుగుతుంటే అందులో మోకాలి లోతు నీళ్లే ఉంటాయి. పంపు ఆపితే ముప్పావుగంటలో అంచు దాకా లేస్తాయి. గది కూడా మునిగిపోకుండా ముందు సంపుకి ఇనప మూత వేసి నాలుగు బోల్టులు బిగించాలి. సంపుకి పది అడుగుల ఇవతల నేల మీద పసుపు గీత ఉంది.

"బూట్లు ఎక్కడ దొరికాయి?" అన్నాను.

"ఆ గీత దగ్గరే. పక్కపక్కన సర్దిపెట్టి, వాటిలో వాచీ, ఫోనూ. చావబోయేవాళ్లు అలాగే సర్దుతారని మీరే చెప్పారు నాకు."

"చెప్పాను. వంతెనల మీద. ఇక్కడ కాదు. ఆ గీత దాటే ప్రతివాడూ సొంత బూట్లు, వాచీ, ఫోనూ గీత దగ్గరే వదలాలి. రేడియేషన్ అంటుకున్న వస్తువు మళ్లీ బయటికి రానివ్వరు. అవతల ప్లాంటు వాళ్ల రబ్బరు బూట్లు వేసుకుని దిగాలి. నువ్వు ఇప్పుడు వేసుకున్నవి ఏంటి?"

మెరుపు కిందకి చూసుకున్నాడు. అతని కాళ్లకీ అవే ఉన్నాయి.

"శవం వట్టికాళ్లతో ఉంది," అన్నాడు పట్టు వదలకుండా. "నేను చూశాను."

"నువ్వు వచ్చేసరికి ఉంది. అంతకుముందే రేడియేషన్ కొలిచేవాళ్లు బూట్లు కోసి తీసి పసుపు సంచిలో కట్టారు. వాళ్ల జాబితా నిన్న చూశాను. రబ్బరు బూట్లు, ఎనిమిదో నంబరు, ఒక జత. చావడానికి దూకేవాడు కాళ్లకి జబ్బు రాకుండా బూట్లు మార్చుకుంటాడా నాయనా?"

అతని దవడ బిగుసుకుంది. కానీ తెలివైనవాడే. "సరే, నిచ్చెన దిగాడు. దిగి మునిగాడు. మూడింటికి ముందు ఇక్కడికి వచ్చినట్టు గేటు కార్డు చెబుతోంది. నాలుగున్నరకి పంపు ఆపే పరీక్ష ఉంది, సైరన్ మోగించి ఆపినట్టు లాగ్ పుస్తకంలో ఉంది. అప్పటికే ఈయన లోపల చచ్చి ఉన్నాడు. ఆపరేటర్ చూసుకోకుండా మూత వేశాడు. పరధ్యానం. దానికి వాడికి చార్జి మెమో ఇచ్చారు."

"మూడింటికి పంపు తిరుగుతోంది కదా. మోకాలి లోతు నీళ్లు. ఒంటి మీద చిన్న గాయం లేదు, ఊపిరితిత్తుల నిండా నీళ్లు. ఎలా మునిగాడు? బోర్లా పడుకున్నాడా?"

"మునగాలనుకున్నవాడికి..."

"ఆగు. నీకో సాక్షిని చూపిస్తాను."

సంచిలోంచి కాగితం తీశాను. ప్రతి బోరులోనూ వేలంత ఇనప గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగర్ అంటారు. ఐదు నిమిషాలకోసారి నీటిమట్టాన్ని తనలో రాసుకుంటుంది. రెండో బోరు ఈ గోడకి అవతలే ఉంది. పంపు ఆగితే ముందుగా దానికే తెలుస్తుంది.

"మూడూ పది దాకా మట్టం కదల్లేదు. మూడుంబావుకి లేవడం మొదలైంది. మళ్లీ ఆగలేదు. చూసుకో. పంపు ఆగింది నాలుగున్నరకి కాదు. మూడుంబావుకి. పంతులు లోపల బతికి ఉండగా."

"గొట్టం చెప్పిందని ఫైలు తెరవమంటారా?"

"గొట్టానికి ప్రమోషన్ అక్కర్లేదు. అందుకని అబద్ధం చెప్పదు."

మెరుపు ముఖం మాడిపోయింది. డైరెక్టర్ నవ్వబోయి ఆగాడు. ఫోన్ రాకుండానే ఫోన్ చెవిన పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు. ఇద్దరం చూశాం.

"పంపు గది తాళాలు ఎంతమంది దగ్గరున్నాయి?" అన్నాడు మెరుపు గొంతు తగ్గించి.

"ఇద్దరి దగ్గర. ఒకడు ఇప్పుడే మెట్లెక్కాడు. రెండోవాడితో నేను మాట్లాడతాను. నువ్వు తలుపు అవతల నిలబడు. లోపలికి రాకు, నీ టోపీ చూస్తే వాడు నోరు విప్పడు."

*

పంపు గదిలో ఆ కుర్రాడు, ఆమె తమ్ముడు, పంపు వేసిన టైమూ ఆపిన టైమూ రాసే లాగ్ పుస్తకం ముందు కూర్చుని ఉన్నాడు. చెవులకి చప్పుడు ఆపే తొడుగులు. నన్ను చూసి తీశాడు.

"నాలుగున్నర అని రాసిన అంకెలు నీవేనా?"

"అవునండీ."

"మిగతా పేజీలన్నీ ఒకలా ఉన్నాయి, ఆ ఒక్క లైను వణికింది. ఎందుకు?"

వాడు పుస్తకం మూసేశాడు. లాగర్ కాగితం ముందు పెట్టాను. చూడగానే వాడికి అర్థమైంది. బావ దగ్గర అలాంటి గీతలు చూస్తూ పెరిగాడు.

"మూడూ పదికి ఫోన్ వచ్చింది," అన్నాడు చివరికి. "డైరెక్టర్ గారు. 'సంపు ఖాళీ, నేనే చూసి వస్తున్నాను. మూత వేసి ఇప్పుడే పంపు ఆపు. సైరన్ వద్దు. పుస్తకంలో నాలుగున్నర అని రాసుకో, పైనుంచి ఒత్తిడి ఉంది' అన్నారు. అంత పెద్దాయన చెప్తే కాదంటానా?"

"బావ లోపల ఉన్నాడని ఆయనకి తెలుసా?"

"అప్పుడు నాకు తెలీదు. తర్వాత తెలిసింది. రెండు నలభైకి బావ ఆయనకి ఫోన్ చేశారట. మోడల్ వెనక్కి తీసుకుంటాను, మెయిల్ రాసి ఉంచాను, ఒకసారి సంపులో కాలవ నోటి దగ్గర మట్టం కొలిచి వచ్చి పంపుతాను అని. మూసివేత ఆగిపోతే మూడేళ్ల పని పోతుందని ఆయన గింజుకున్నారట. మర్నాడు నన్ను పిలిచి ఆయనే చెప్పారు ఇదంతా, చల్లగా కూర్చోబెట్టి. 'మూత వేసింది నువ్వు, పంపు ఆపింది నువ్వు. మూడుంబావు అన్న మాట బయటికి వస్తే ఉరి నీకే. ఆత్మహత్య అంటే అందరికీ మర్యాద' అన్నారు."

"మూత వేసేముందు గీత దగ్గర చూశావా? పోలీసులకి చూడలేదని చెప్పావు."

వాడు మొదటిసారి నా కళ్లల్లోకి చూశాడు. ఏడుపు లేదు. అంతకన్నా అధ్వాన్నంగా ఉంది ఆ చూపు.

"చూశానండీ. చూడకుండా ఎవడూ మూత వెయ్యడు. గీత దగ్గర బూట్లుంటే లోపల మనిషున్నట్టు. ఇక్కడ చేరినరోజు మొట్టమొదట నేర్పేది అదే. నాకు నేర్పింది బావే. గీత ఖాళీగా ఉంది. లోపలికి కూడా తొంగి చూశాను, చీకటి. బావ కాలవ నోట్లోకి దూరి ఉన్నట్టున్నారు, లైటు కనపడలేదు. పంపు హోరులో నా చప్పుడు ఆయనకి, ఆయన చప్పుడు నాకు వినపడదు. మర్నాడు పొద్దున పంపు వేసి మూత తీసేసరికి బూట్లు గీత దగ్గరే ఉన్నాయి. సర్దిపెట్టి. బావ ఎప్పుడూ అలా సర్దరండీ. ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేస్తారు. ఇంట్లో అక్క రోజూ తిట్టేది అందుకే."

డైరెక్టర్ గీత దగ్గర్నుంచి పంతులు బూట్లు తీసేశాడు. ఫోన్ చేశాడు. తర్వాత మళ్లీ తెచ్చి పెట్టాడు. తన చెయ్యి తడవకుండా, చచ్చినవాడి బామ్మర్ది చేతులతో హత్య చేయించాడు. ఇంత చల్లటి హత్య నా సర్వీసులో చూడలేదు.

తలుపు అవతల బూట్ల చప్పుడు పరుగందుకుంది. "గేటు మూయించు! తెల్ల చొక్కా, ఒక్కణ్ని కూడా బయటికి వదలొద్దు!" అని మెరుపు అరుపు మెట్ల మీద వినిపించింది. పావుగంటలో కబురు వచ్చింది. డైరెక్టర్ కార్లో కూర్చుని ఉండగా పట్టుకున్నారు. ఒళ్లో నీళ్ల పంతులు పుస్తకం ఉందట. తొమ్మిదో బోరు కార్డు నేను మెరుపు చేతికిచ్చాను. ఎల్లుండి ముహూర్తం ఆ కార్డుతో ఆగిపోయింది. కాలనీ వాళ్లకి ఇదంతా జరిగిందని కూడా తెలీదు.

నా పని అయిపోయినట్టే. కానీ కుర్రాడు కుర్చీలోంచి లేవలేదు. ఇంకా ఏదో ఉంది వాడి దగ్గర. ముప్పై ఏళ్ల అలవాటు, ఆ వాసన నాకు పడుతుంది. అడగాలనిపించలేదు.

"అక్కకి నేనే చెప్తానండీ," అన్నాడు. "మీరు పక్కన ఉండండి."

*

ఆమె వరండాలోనే నిలబడి ఉంది. మా ముఖాలు చూసి లోపలికి నడిచి వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చుంది.

ముందు నేనే మాట్లాడాను. ఇంకెవరూ ఆ ఒక్క మాట ఆమెకి ఇవ్వకూడదనిపించింది. "ఆయన పోవాలని పోలేదమ్మా. మర్నాడు తొమ్మిదింటికి చేయాల్సిన పని కూడా రాసిపెట్టుకున్నాడు. కొలకర్ర తేవాలని, సున్నం తేవాలని. తప్పు దిద్దుకుని ఇంటికి వద్దామనే దిగాడు."

ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పోయాక ఆమె గట్టిగా ఊపిరి పీల్చడం అప్పుడే విన్నాను. ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. "నా మాటకి కాదు," అంది. "నా మాటకి కాదు." ఆ నిమిషాన్ని అక్కడే ఆపగలిగితే ఎంత బావుండేది.

కుర్రాడు ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. అంతా చెప్పాడు. ఫోన్ సంగతి, ఖాళీ గీత సంగతి. "మూత వేసింది నేనే అక్కా," అన్నాడు. "నాలుగు బోల్టులూ నేనే బిగించాను."

ఆమె చెయ్యి వాడి తల మీద ఉంది. తియ్యలేదు. అలా అని నిమరనూ లేదు. వాడు పసివాడుగా ఉన్నప్పటి నుంచీ ఆ తల మీద ఆ చెయ్యి ఎన్నిసార్లు ఉండి ఉంటుందో. ఇప్పుడు దాన్నేం చెయ్యాలో ఆమెకి తెలియడం లేదు.

"పంపు ఆపాక నువ్వు మళ్లీ అక్కడికి వెళ్లావా?" అంది.

వాడు తలూపాడు. "అరగంట దాటాక, నీళ్లు మూత దగ్గరికి వచ్చేవేళకి, చుట్టూ చెమ్మ వస్తోందేమో చూడాలి. రూలు."

"అప్పుడు పంపు హోరు లేదు కదా."

"లేదు."

"లోపల్నుంచి కొట్టాడా?"

నిజాలు కక్కించడమే నా వృత్తి. అబద్ధం చెప్పినవాణ్ని ఏనాడూ క్షమించలేదు. ఆ నిమిషంలో మాత్రం, లేదని చెప్పరా, ఒక్క అబద్ధం చెప్పరా అని లోపల్లోపల వాణ్ని బతిమాలుకున్నాను. పంపు గదిలో వాడు దాచుకున్నది ఇదే. నేను అడగకుండా వదిలేసినదీ ఇదే.

"పంపు ఆగితే పైపులు కొట్టుకుంటాయి అక్కా," అన్నాడు వాడు. "ఎప్పుడూ కొట్టుకుంటాయి. అవే అనుకున్నాను."

"ఎంతసేపు?"

వాడు తలెత్తలేదు.

"నేను అక్కడ ఉన్నంతసేపూ."